పిల్లల చర్మానికి ఏం రాయాలి, ఏం రాయకూడదు: విశాఖ అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. మే నెలలో బెజవాడంత వేడి లేకపోయినా, సముద్రపు గాలిలో తేమ వల్ల ఒంటి మీద చెమట ఆరదు. చర్మం గురించి ఫోన్లో కనిపించే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్లవి. వాటిని ఉన్నవి ఉన్నట్టు మన పిల్లల మీద ప్రయోగిస్తే చెమటకాయలు, మొటిమలు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. పసిబిడ్డల తల్లుల నుంచి ఇంటర్ పిల్లల దాకా అందరూ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. పిల్లల చర్మానికి కావాల్సింది చాలా తక్కువ, రంగు మారుస్తామంటూ వచ్చే క్రీములు మాత్రం ఇంట్లోకే రాకూడదు. ఈ రెండు మాటలూ జవాబుల్లో పదేపదే వస్తాయి.

అసలు రోజూ ఏమేం వాడాలి?

ఘాటు లేని సబ్బో, బాడీవాషో ఒకటి. చర్మం పొడిబారిన చోట వాసన లేని మాయిశ్చరైజర్. ఎండలో తిరిగే రోజున సన్‌స్క్రీన్. అంతే. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల మొహానికి మామూలు నీళ్లే సరిపోతాయి. నుదురు, ముక్కు జిడ్డు తేలడం మొదలయ్యాక (కొందరికి పదేళ్లకే, కొందరికి పదమూడు దాటాక) ఉదయం, రాత్రి మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడిగితే చాలు. రోజుకు నాలుగైదు సార్లు కడిగితే చర్మం మండుతుంది, మొటిమలు మాత్రం తగ్గవు.

పుట్టిన బిడ్డకు నలుగు పెట్టాల్సిందేనని మామ్మగారు పట్టుబడుతున్నారు. పెట్టనివ్వొచ్చా?

నూనెతో మర్దన చేయనివ్వండి, సున్నిపిండి మాత్రం పక్కన పెట్టించండి. పసిబిడ్డ చర్మం పైపొర ఇంకా పల్చగా ఉంటుంది. పిండితో రుద్దితే కంటికి కనిపించని గీతలు పడి, అక్కడి నుంచి సూక్ష్మక్రిములు లోపలికి వెళ్తాయి. ఒంటి మీది నూగు పోవాలనే కదా రుద్దేది, అది కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది. మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుట్టినప్పుడు ఒంటి మీదుండే తెల్లటి మైనంలాంటి పూత బిడ్డను కాపాడేదే, దాన్ని తుడిచేయాలని తొందరపడకండి.

మర్దనకు కొబ్బరి నూనె మంచిది. ఆవనూనె చర్మాన్ని రేపుతుంది, వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు, ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి కంటికి పెట్టొద్దు. దిష్టి చుక్క అరికాలికి పెట్టమనండి, ఆవిడ మాటా నిలబడుతుంది. పౌడర్ అసలే వద్దు. డబ్బా విదిలించినప్పుడు లేచే ధూళిని బిడ్డ పీల్చుకుంటుంది.

వీపు కింద, పిరుదుల మీద నీలంగా, కమిలినట్టు మచ్చలుంటే కంగారు పడకండి. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతో ఉండి, బడికి వెళ్లే వయసుకల్లా పోతాయి.

చెమటకాయలు మెడ నిండా వచ్చాయి. పౌడర్ చల్లితే తగ్గుతాయా?

చెమట బయటికొచ్చే సన్నటి నాళాలు మూసుకుపోతే లేచే పొక్కులివి. పౌడర్ చెమటతో కలిసి ముద్దై ఆ నాళాలను ఇంకా మూసేస్తుంది, చిక్కటి నూనె పూసినా అంతే. గది చల్లగా ఉంచడం, పల్చటి నూలు బట్టలు, రెండు పూటలా చన్నీళ్ల స్నానం, దురద ఉంటే కేలమైన్ లోషన్. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి. బడి నుంచి రాగానే యూనిఫాం విప్పించడం చిన్న పనే కానీ చాలా తేడా కనిపిస్తుంది.

బాబు చెంపల మీద తెల్లటి మచ్చలు. నులిపురుగుల వల్లేనంటున్నారు, నిజమేనా?

కాదు. కాల్షియం తక్కువై కూడా కాదు. చర్మం పొడిబారిన చోట కొద్దిగా రంగు తగ్గి, అంచులు కలిసిపోయినట్టుండే మచ్చలు ఎండలో తిరిగే పిల్లలకు బాగా కనిపిస్తాయి. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ వాడుతూ ఓపిక పట్టాలి, రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి, కానీ అది రక్తహీనత రాకుండా, కడుపు బాగుండటానికి. ఈ మచ్చలతో దానికి సంబంధం లేదు.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయొద్దు. మచ్చ పాలలా తెల్లగా, గీత గీసినట్టు అంచుతో ఉంటే బొల్లి కావచ్చు. మచ్చ మీద తాకినా, చల్లటి గ్లాసు ఆనించినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, మొదట్లోనే పట్టుకుంటే వైకల్యం లేకుండా పూర్తిగా నయమవుతుంది.

మా పాప ఆరో తరగతి. వీడియోలు చూసి సీరమ్‌లు, రెటినాల్ కొనమంటోంది. ఏం చెప్పాలి?

ముందు ఆ సీసాల్లో ఏముందో చూద్దాం. రెటినాల్ విటమిన్ ఏ రకం. పాత చర్మకణాలు తొందరగా రాలి కొత్తవి రావడానికి, ముడతలు తగ్గడానికి పెద్దవాళ్లు వాడేది. పదకొండేళ్ల పాప చర్మం ఆ పని ఎవరూ చెప్పకుండానే చకచకా చేసుకుంటోంది. గ్లైకోలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ లాంటివి పైపొరను కరిగిస్తాయి. పొర పల్చబడ్డ మొహంతో బీచ్ రోడ్డు ఎండలోకి వెళ్తే మంట, ఎరుపు, ఆ తర్వాత నల్లమచ్చలు. మన గోధుమరంగు చర్మం ఏ చిన్న మంటనైనా నల్లమచ్చగా గుర్తుపెట్టుకుంటుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. విటమిన్ సీ సీరమ్ కూడా ఈ వయసుకు అనవసరం. వీటిలో రెండు మూడు ఒకదాని మీద ఒకటి రాసినప్పుడే ఎక్కువమంది పిల్లలు దద్దుర్లతో డాక్టర్ దగ్గరికి వస్తారు.

ఇప్పుడు పాపతో మాటల సంగతి. "నీకెందుకే ఈ సోకులు" అని తీసిపారేయకండి. స్నేహితులందరూ మాట్లాడుకునేదాన్ని తనూ చేయాలనుకుంటోంది, తన ఒంటిని తాను చూసుకోవాలనుకుంటోంది. అది మంచి కోరికే. మైల్డ్ ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడూ తనతో కలిసి షాపుకెళ్లి తననే ఎంచుకోనివ్వండి. డబ్బా వెనక పదార్థాల పేర్లు తనతోనే చదివించండి. రెటినాల్, గ్లైకోలిక్, "యాంటీ ఏజింగ్", "బ్రైటెనింగ్", "వైటెనింగ్" అన్న మాటల్లో ఒక్కటి కనిపించినా తిరిగి అరలో పెట్టేయాలి. సువాసన ఉన్నవీ వద్దు. కొత్తది ఏది కొన్నా మోచేతి మడతలో వారం పాటు రోజూ కొంచెం రాసి, దురద, ఎరుపు లేకపోతేనే మొహానికి వాడమనండి. పది నిమిషాల్లో సరుకు ఇంటికొచ్చే రోజులివి. ఫోన్లో ఆర్డర్ పెట్టేముందు ఒకసారి చూపించమని చెప్పండి, కోప్పడరని తెలిస్తే తప్పకుండా చూపిస్తుంది.

మొటిమలు ఎందుకొస్తాయి? శుభ్రంగా లేకపోవడం వల్లా?

మురికి వల్ల రావు. ఈ మాట పెద్దవాళ్లు నమ్మితే సగం మంది పిల్లలకు సగం బాధ తగ్గుతుంది. యుక్తవయసు హార్మోన్లకు చర్మంలోని నూనె గ్రంథులు పెద్దవై ఎక్కువ జిడ్డు వదులుతాయి. వెంట్రుక రంధ్రం దగ్గర మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి బిరడాలా బిగుస్తాయి. లోపల మామూలుగానే ఉండే బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఇదంతా లోపలి నుంచి జరిగేది. స్క్రబ్ పెట్టి రుద్దితే వాపు ఇంకా పెరుగుతుంది.

మన ఊళ్లో ఒకటి ప్రత్యేకంగా చూడండి. తలకు కొబ్బరి నూనె దట్టంగా పెట్టి జడ వేసి పంపిస్తాం. ఉక్కకు ఆ నూనె చెమటతో కలిసి నుదుటి మీదికి, చెంపల మీదికి కారుతుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వరుసగా చిన్న చిన్న మొటిమలుంటే కారణం ఇదే కావచ్చు. నూనె మానక్కర్లేదు, తలంటుకునే ముందు గంట సేపు పెట్టుకుంటే చాలు.

మందుల విషయానికొస్తే, తక్కువ మొటిమలకు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ మంచి మొదటి అడుగు. రాత్రి మొహం కడిగి, ఆరాక, శనగగింజంత తీసుకుని నుదురు, రెండు చెంపలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పల్చగా పరచాలి. మొటిమ మీద ఒక్కచోటే ముద్దగా పెడితే కాలినట్టు అవుతుంది. మొదట్లో రోజు విడిచి రోజు వాడాలి. దిండు గలీబు, తువ్వాలు తెల్లవి వాడండి, ఈ జెల్ తగిలితే రంగు బట్ట వెలిసిపోతుంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు అడాపలీన్ (విటమిన్ ఏ రకం పూతమందు) కూడా బాగా పనిచేస్తుంది. అది డాక్టర్ చూసి రాస్తేనే వాడాలి. దేనికైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మార్చేయడం వల్లే చాలామందికి ఏ మందూ పట్టదు.

నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ మొహానికి వద్దు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. తిండి సంగతి: చక్కెర, మైదా ఎక్కువగా తినేవాళ్లకు, జిమ్‌కెళ్లి వే ప్రోటీన్ తాగే అబ్బాయిలకు మొటిమలు పెరగడం కనిపిస్తుంది. మామిడిపండు వేడి చేసి మొటిమలొస్తాయని బంగినపల్లి మాన్పించక్కర్లేదు.

లోపలి గడ్డల్లా నొప్పి పుట్టేవి, గుంటలు పడేవి ఉంటే మొదటి రోజే చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించండి. అమ్మాయికి నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే హార్మోన్ పరీక్షలు కావాలి. ఐసోట్రెటినాయిన్ అనే మాత్ర మొండి మొటిమలకు బాగా పనిచేస్తుంది, కానీ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. స్నేహితురాలి మాత్ర పంచుకోవడం లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు.

పక్కింటివాళ్లు చెప్పిన ట్యూబ్ రాస్తే వారంలో మొహం తేటపడింది. కొనసాగించొచ్చా?

ఆపమని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకో ఇప్పుడు వివరంగా చెబుతాను.

ఆ ట్యూబ్ తీసి వెలుతురులో పట్టుకోండి. పెద్ద అక్షరాల పేరును వదిలేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లూయోసినోలోన్, వీటిలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. పక్కనే హైడ్రోక్వినోన్ (రంగు తగ్గించే మందు), ట్రెటినాయిన్ (విటమిన్ ఏ రకం) కూడా ఉంటే మూడూ కలిపిన క్రీము. డాక్టర్ రాస్తేనే అమ్మాలన్న హెచ్చరిక కూడా దాని మీదే అచ్చయి ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. అయినా అడిగితే చేతిలో పెట్టేసే షాపులు వీధికొకటి ఉన్నాయి.

స్టెరాయిడ్ రాయగానే వాపు తగ్గుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, రంగు కొంచెం తగ్గుతుంది. అందుకే వారంలో అంత బాగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, ఆడపిల్లల చెంపల మీద నూగు దట్టమవుతుంది, ఒకేలాంటి మొటిమలు గుంపులుగా లేస్తాయి. ఎండ తగిలితే మొహం భగ్గుమంటుంది. మానేద్దామంటే రెండో రోజుకే మంట, వాపు. భయపడి మళ్లీ అదే రాస్తారు. మన దేశంలో చర్మవ్యాధుల డాక్టర్ల సంఘం దీని మీద ప్రత్యేకంగా ప్రచారం చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో ఊహించండి. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటికి చర్మం విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి మందు రక్తంలోకి కూడా ఎక్కువ చేరుతుంది. ఎదుగుదల మీద దెబ్బ పడొచ్చు. కళ్ల చుట్టూ చాలాకాలం రాస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది.

నెలల తరబడి వాడినవాళ్లు డాక్టర్‌కు చూపించి, వాళ్లు చెప్పిన పద్ధతిలో తగ్గిస్తూ ఆపాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న బిడ్డకు డాక్టర్ ఇన్ని రోజులని చెప్పి రాసిన స్టెరాయిడ్ క్రీము మంచి మందే. పేరు చూసి భయపడి దాన్ని మానేయకండి.

అమ్మాయి చామనఛాయ. పెళ్లి నాటికి రంగు తేలడానికి ఏదైనా సురక్షితమైన క్రీము ఉందా?

లేదు. పుట్టుకతో వచ్చిన రంగును క్షేమంగా మార్చే క్రీము ఏదీ లేదు. ఉందని అమ్మేవాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్, కొన్నింటిలో పాదరసం కూడా ఉంటాయి. పాదరసం చర్మంలో రంగు తయారవడాన్ని అడ్డుకుంటుంది, అక్కడితో ఆగక ఒంట్లోకి చేరి మూత్రపిండాలను పాడు చేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక కిడ్నీ జబ్బు ఒకరి తర్వాత ఒకరికి రావడం చూసి డాక్టర్లు ఆరా తీస్తే, రోగుల్లో చాలామంది పాదరసమున్న ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లని తేలింది. వాళ్లలో 14 ఏళ్ల అమ్మాయి కూడా ఉంది. తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు లేని డబ్బాలు, విదేశీ సరుకంటూ తెచ్చిచ్చేవి ఇంట్లో ఉంటే పారేయండి. వాడుతున్నవాళ్లకు కాళ్లు, మొహం వాచినా, మూత్రం నురగ వచ్చినా వెంటనే మూత్ర పరీక్ష చేయించాలి.

చుట్టాలెవరైనా "పిల్ల నల్లగా ఉంది" అన్నప్పుడు ఆ మాట పాప వింటోందని గుర్తుంచుకుని, అక్కడే, పాప ఎదుటే అడ్డుకోండి. క్రీము అడిగే ప్రతి పిల్ల వెనుకా ఇలాంటి మాట ఒకటి ఉంటుంది.

మెడ వెనక నల్లగా, మందంగా అవుతోంది. ఎంత రుద్దినా పోవడం లేదు.

పోదు, అది మట్టి కాదు. మెడ మీద, చంకల్లో ముఖమల్ గుడ్డలా నల్లబడితే చాలావరకు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్నమాట. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. షుగర్ పరీక్ష చేయించి, ఆటలు, తిండి సరిదిద్దితే నలుపు నెమ్మదిగా తగ్గుతుంది. నార పీచుతో రుద్దితే చర్మం ఇంకా మందమవుతుంది.

రుషికొండకో, భీమిలికో వెళ్లినప్పుడు సన్‌స్క్రీన్ ఎలా వాడాలి?

ఆరు నెలల లోపు బిడ్డకు సన్‌స్క్రీన్ వద్దు. నీడ, టోపీ, ఒంటి నిండా పల్చటి బట్ట చాలు. ఆ పైన ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైది, "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉన్నది తీసుకోండి. చిన్నపిల్లలకు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి మేలు. టీనేజ్ పిల్లలకు మొహానికీ మెడకూ రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి. మనం రాసేది సాధారణంగా అందులో పావువంతు నుంచి సగం దాకానే. బయటికెళ్లే పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఇసుక, నురగ కూడా ఎండను మొహం మీదికి తిప్పికొడతాయి, మబ్బు పట్టినా కిరణాలు దిగుతాయి. ఇంటికి రాగానే ఉప్పు, ఇసుక పోయేలా మంచినీళ్లతో కడిగి మాయిశ్చరైజర్ రాయండి. మన తూర్పు తీరంలో ఎండ పొద్దున్నే ఎక్కుతుంది కాబట్టి తెల్లవారి వెళ్లి తొమ్మిదికల్లా తిరిగొచ్చేయడం అన్నిటికన్నా తేలిక.

హాస్టల్ నుంచి వచ్చిన బాబుకు రాత్రిళ్లు ఒకటే దురద. తామరా, గజ్జా?

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు, రాత్రి దురద ఎక్కువ, ఇంట్లో ఇంకొకరికీ మొదలైతే గజ్జి. డాక్టర్ రాసే 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మరోసారి ఇలాగే చేయాలి. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో తేరినట్టుంటే తామర. దానికి స్టెరాయిడ్ కలిపిన క్రీములు రాస్తే దురద తగ్గి, మచ్చ మాత్రం విస్తరిస్తుంది. ఈమధ్య తామర ఇంత మొండిగా తయారవడానికి ఆ క్రీములు ఒక ముఖ్య కారణం.

జాతరలో నల్ల మెహందీ పెట్టించుకోవచ్చా?

వద్దు. అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా, నిమిషాల్లో పండిందంటే జుట్టు రంగులో వాడే పీపీడీ కలిపారన్నమాట. బొబ్బలు, మచ్చలు రావచ్చు, ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోతుంది. ఆషాఢంలో పెరటి ఆకు రుబ్బి పెట్టండి.

ఎప్పుడు, ఎక్కడ చూపించాలి?

విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటుగా చూపించుకున్నా చర్మవ్యాధుల్లో ఎండీ లేదా డీవీడీ (డిప్లొమా) చదివిన చర్మవ్యాధుల డాక్టరేనా అని అడగండి. బ్యూటీ పార్లర్‌లో కెమికల్ పీల్ చేస్తామంటే పిల్లలకు ఒప్పుకోకండి. జ్వరంతో పాటు, నొక్కినా రంగు పోని ఊదా మచ్చలు వచ్చినా, ఏదైనా మందు వేశాక చర్మం ఊడొస్తున్నా, నోట్లో పుళ్లు పడినా, పెదవులు వాచి ఊపిరి ఆడకపోయినా ఓపీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మామూలుగా వెళ్లేటప్పుడు మొహానికి ఏమీ రాయకుండా తీసుకెళ్లండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, సీసాలు, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకెళ్లండి. పేర్లు గుర్తులేక "తెల్ల ట్యూబ్ అండీ, గులాబీ మూత" అని చెబితే డాక్టర్‌కు దారి దొరకదు. మొదట్లో ఎలా ఉండేదో ఫోన్లో ఫొటో ఉంటే అదీ చూపించండి. టీనేజ్ పిల్లలైతే కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీకు చెప్పని క్రీము పేరు అక్కడ చెబుతారు.